పరీక్షతో పదవి: చీనా నుండి మన సీమ దాకా

ప్రభుత్వోద్యోగము ఎవరికీయవలెను? రాజబంధువునకా, ధనమిచ్చి కొనువానికా, తండ్రి చేసిన కొలువు కుమారునకా, లేక చదువుకొన్నవానికా? రాజ్యములు ఏర్పడిన నాటినుండి ఈ ప్రశ్న ఉన్నది. కౌతాళము వంటి గ్రామములలో పూర్వము దీనికి సమాధానము సులభముగా ఉండెను. కరణముగారి పిమ్మట కరణముగారి కుమారుడు. ఇందుకు భిన్నమైన సమాధానమును లోకమునకు మొదట చూపిన దేశము చీనా.

క్రీ.పూ. 2వ శతాబ్దమున హాన్ వంశపు చక్రవర్తులు, ప్రాంతీయాధికారుల సిఫారసుపై వచ్చినవారిని ప్రశ్నించి పదవులిచ్చుట ఆరంభించిరి. క్రీ.పూ. 124లో వూ చక్రవర్తి కన్‌ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథములను బోధించు విద్యాపీఠమును నెలకొల్పెను. అయితే సిఫారసు చేయువారు పెద్ద కుటుంబముల వారగుటచే పదవులు చాలవరకు ఆ గడపలు దాటలేదు. క్రీ.శ. 600 దాటిన కొలది ఏండ్లకు స్వీ వంశము వారి కాలమున లిఖిత పరీక్ష ఒక పద్ధతిగా రూపొందెను. తరువాతి తాంగ్ వంశము వారు దానిని పెంపొందించిరి. 7వ శతాబ్దమున మన వేంగీ దేశమును, ధాన్యకటకమును దర్శించిన హ్యూన్‌త్సాంగ్ వచ్చినది అట్టి పరీక్షలు జరుగుచున్న దేశమునుండియే.

సుంగ్ వంశము వారి కాలమున ఈ పద్ధతికి గట్టి కట్టుబాట్లు ఏర్పడినవి. జవాబు పత్రముపై అభ్యర్థి పేరు కనబడకుండ కాగితము అంటించిరి. దస్తూరిని బట్టి గుర్తుపట్టుదురేమోయని, పత్రములన్నిటిని వేరు లేఖకులచే తిరిగి వ్రాయించి, ఆ ప్రతులనే పరీక్షకుల ముందుంచిరి. క్రీ.శ. 973 నుండి కడపటి పరీక్ష చక్రవర్తి సమక్షమున జరుగుట ఆచారమయ్యెను. జిల్లాలో నెగ్గినవాడు రాష్ట్ర పరీక్షకును, అందు నెగ్గినవాడు రాజధానికిని పోవలెను. నాన్‌కింగ్ నగరమందలి పరీక్షాశాలలో 20,000కు మించిన చిన్న గదులుండెడివి. సోదాలు చేయించుకొని, తిండి, పరుపు, సిరా వెంట తెచ్చుకొని, అభ్యర్థులు రాత్రింబవళ్లు ఆ గదులలోనే గడపి వ్యాసములు వ్రాసెడివారు.

ఇంత జాగ్రత్త వహించినను ఆ ద్వారము అందరికిని తెరువబడలేదు. స్త్రీలకు ప్రవేశము లేదు. సంవత్సరముల తరబడి పొలము పని లేకుండ చదువుకొనగల ఇంటి పిల్లవానికే నెగ్గు అవకాశము హెచ్చు. మింగ్ వంశము వారి నాటికి వ్యాసమును ఎనిమిది భాగములుగా, నిర్ణీతమైన కొలతతో వ్రాయవలెనను నియమము బలపడి, సొంత ఆలోచనకు తావు తగ్గెను. పలుమార్లు తప్పిన హుంగ్ స్యూచ్వాన్ అను యువకుడు తరువాత తైపింగ్ తిరుగుబాటునకు నాయకుడయ్యెను. 1850 నుండి 1864 వరకు సాగిన ఆ యుద్ధములో కోట్ల ప్రాణములు పోయినవి. కాలము మారినను పాఠము మారని ఆ పరీక్షలను 1905లో చీనా ప్రభుత్వమే రద్దుచేసినది.

ఇక మన సీమకు వత్తము. 1800లో నిజాము ఆదవాని మొదలగు ప్రాంతములను కుంపిణీ వారికి దత్తము చేసెను. థామస్ మన్రో ఇచ్చట ప్రధాన కలెక్టరుగా 1807 వరకు ఉండెను. దొరలకు దేశభాష రానిచో పాలన సాగదని, 1812లో మదరాసున సెంటుజార్జి కోట కళాశాల వెలసెను. అచ్చట తెలుగు పండితులు ఇంగ్లీషు యువకులకు చదువు చెప్పిరి. ఆ యువకులు తెలుగులో పరీక్షకు కూర్చుండిరి. సి.పి. బ్రౌను అట్లు ఉత్తీర్ణుడై 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను.

ఆ కళాశాలకు కార్యదర్శిగా పనిచేసి, 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన ఎ.డి. క్యాంబెల్, తరువాత బళ్లారి కలెక్టరయ్యెను. ఆదవాని అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. మన్రో గవర్నరుగా కోరిన మీదట 1823లో క్యాంబెల్ పంపిన నివేదిక ప్రకారము జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. కన్నడ బడులు 235, తెలుగువి 226, ఇంగ్లీషుది ఒక్కటే. బాలికలు అరువదిమంది మాత్రమే. 9 లక్షలు దాటిన జనాభాకు ఇదీ చదువు! భారతీయులకు పెద్ద పదవులీయవలెనని వాదించిన మన్రో, 1826లో జిల్లాకు, తాలూకాకు బడులు పెట్టవలెనని నిర్ణయించెను. మరుసటి ఏడు మన పత్తికొండలో కలరాచే మరణించెను. ఆ బడులును 1836లో మూతపడినవి.

1854లో మెకాలే సంఘము సిఫారసు చేయగా, 1855 నుండి ఇండియా సివిలు సర్వీసునకు పోటీ పరీక్షలు మొదలయ్యెను. ఇంగ్లండులో ఆనాటి చర్చలలో చీనా పద్ధతి ప్రస్తావన వచ్చినదని చరిత్రకారులు చెప్పుదురు. చట్టములో జాతిభేదము లేదు. కాని పరీక్ష లండనులో, పాఠము ఇంగ్లీషులో. 1863లో సత్యేంద్రనాథ టాగూరు నెగ్గువరకు భారతీయుడెవ్వడును అందు చేరలేదు. స్వదేశమున ఆ పరీక్ష జరుగుట 1922లో గాని సాధ్యపడలేదు. దొర తెలుగులో పరీక్ష వ్రాసిన కాలము పోయి, తెలుగువాడు సముద్రము దాటి దొర భాషలో వ్రాయవలసిన కాలము వచ్చెను.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రములో కలిసినవి. ఉద్యోగుల ఎంపికకు ఆంధ్ర సర్వీసు కమిషను ఆ యేడే ఏర్పడెను. 1956లో అది హైదరాబాదు కమిషనుతో కలసి ఆంధ్రప్రదేశ్ కమిషనయ్యెను. అప్పటికిని గ్రామములో 1895 నాటి వంశపారంపర్యపు చట్టమే చెల్లుచుండెను. మన రాష్ట్రమునుండి వెళ్లిన ఒక గ్రామమునసబు పదవి వ్యాజ్యములో, కేవలము వారసుడన్న కారణమున ఉద్యోగమిచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని 1960లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1984లో కరణము, మునసబు పదవులే రద్దయినవి. 2019 సెప్టెంబరులో గ్రామ, వార్డు సచివాలయముల ఉద్యోగములకు పరీక్షలు జరిగినపుడు, లక్షకు పైబడిన పోస్టులకై లక్షలాది యువతీయువకులు పోటీపడిరి. తండ్రినుండి కొడుకునకు వచ్చిన కొలువును కూలివాని కుమార్తెయు కోరవచ్చునను స్థితి ఇట్లు వచ్చినది.

ఇది చిన్న మార్పు కాదు. కాని చీనా చరిత్ర మనకొక హెచ్చరికయు చేయుచున్నది. పత్రముపై పేరును కాగితముతో కప్పవచ్చును. అభ్యర్థి చదివిన బడి మంచిచెడ్డలను, ఇంట తీరిక ఉన్నదో లేదో అను సంగతిని ఏ కాగితమును కప్పజాలదు. వానలు లేనియెడల కుటుంబములు పనికై వలసపోవు ఈ పశ్చిమ తాలూకాలలో, తల్లిదండ్రులతో పిల్లవాడును బడి విడిచిపోయినచో, పదునైదేండ్ల తరువాత జరుగు పరీక్షలో వాడు ఆనాడే తప్పినట్లు. పరీక్ష నడుపువారు న్యాయముగా నడుపవలెను. ఆ పరీక్ష దాకా ప్రతి బిడ్డయు నడచి వచ్చు దారిని చూడవలసిన భారము బడిది, గ్రామముది, ప్రభుత్వముది.