కారంచేడు శిబిరం నుంచి చుండూరు కోర్టు దాకా: ప్రభుత్వాన్ని జవాబు అడిగిన చరిత్ర

తెలుగు నేలమీద హక్కుల ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా ఎమర్జెన్సీ నుంచో, ఎన్‌కౌంటర్ల నుంచో మొదలుపెడతారు. అక్కడ హక్కుల్ని కాలరాసేది రాజ్యం, నిలదీసేది పౌరులు. లెక్క సూటిగానే ఉంటుంది. కానీ దళితుల విషయానికొస్తే ఈ లెక్క సరిపోదు. దళితుడిని కొట్టేది ముందు ఊరు. పోలీసు తర్వాత వస్తాడు, ఒక్కోసారి అసలు రాడు. మరి అలాంటప్పుడు ప్రభుత్వం దేనికి జవాబు చెప్పాలి? ఈ ప్రశ్నను పుస్తకాల్లో కాదు, రోడ్డు మీద వేసినవాళ్ళు కారంచేడు మాదిగలు, చుండూరు మాలలు.

1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ మంచినీళ్ళ దగ్గర మొదలైంది. దళితులు తాగే చెరువు నీళ్ళను కమ్మ యువకులు పశువుల కుడితి గిన్నెలు కడిగి పాడుచేస్తుంటే మాదిగలు అడ్డం చెప్పారు. ఒక మాదిగ స్త్రీ తన మీదికొచ్చిన వాళ్ళపై బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. అప్పటి ముఖ్యమంత్రి ఎన్‌.టి. రామారావు వియ్యంకుడి ఊరది. కాబట్టి పోలీసు స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాసిచ్చినంత మాత్రాన అయ్యే పని కాదని పల్లెకు వెంటనే అర్థమైంది.

వాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. శిబిరం వేశారు. ఆ శిబిరాన్ని తలదాచుకునే చోటుగా మాత్రమే చూస్తే పొరపాటు. ఎక్కడెక్కడి దళితులూ అక్కడికి నడిచొచ్చారు. పౌరహక్కుల సంఘాలు నిజనిర్ధారణకు వచ్చాయి. అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా చేసి మహాసభకు అధ్యక్షుడయ్యాడు. సంస్కృతం లెక్చరర్ కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. సర్దుకుపొమ్మని చెప్పే ఊరికి తిరిగిపోకుండా, చీరాలలోనే నిలబడి అడగడం ఇక్కడి కొత్త విషయం. దానయ్యగా ఇచ్చే సాయం వేరు, బాధ్యతగా చెప్పాల్సిన జవాబు వేరు అని ఆ శిబిరం తేల్చి చెప్పింది.

అప్పటికి చేతిలో ఉన్నది 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, మామూలు శిక్షాస్మృతి. కులం పేరున జరిగే సామూహిక దాడికి అవి చాలలేదు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని వెనక కారంచేడు లాంటి ఘటనల మీద దేశమంతా సాగిన ఆందోళనల ఒత్తిడి ఉంది. ఆ చట్టంలో మనవాళ్ళు తక్కువగా చదివే సెక్షన్ 4 ఉంది. తన విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారి కూడా నేరస్థుడే అంటుందది. అంటే చంపినవాడితో పాటు, చూస్తూ ఊరుకున్న ఉద్యోగి కూడా బోనెక్కాల్సిన వాడే.

చట్టం అమల్లోకొచ్చి ఏడాదిన్నర తిరిగేసరికి గుంటూరు జిల్లా చుండూరు దాన్ని పరీక్షకు పెట్టింది. సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు రెడ్ల కుర్రాడికి తగిలిందన్నది సాకు. దానిమీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. 1991 ఆగస్టు 6న, ఊళ్ళో పోలీసులుండగానే, ఎనిమిదిమంది దళితులను పొలాల్లో తరిమి నరికారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు.

చుండూరు దళితులు తెనాలిలో శిబిరం వేశారు. కారంచేడు నేర్పిన పాఠం వాళ్ళకు తెలుసు. నష్టపరిహారం ఒక్కటే అడిగి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్ళు మాత్రం చుండూరులోనే కోర్టు పెట్టాలన్నారు, మా ప్రాసిక్యూటర్‌ను మేమే ఎంచుకుంటామన్నారు. పైకి చిన్న కోరికలే. కానీ కూలికి పోతేగాని పూట గడవని సాక్షికి గుంటూరు కోర్టు వాయిదా అంటే బస్సు చార్జీ, పోయిన కూలి, దారిలో బెదిరింపు. కోర్టు ఊళ్ళోకొస్తే పల్లె మొత్తం వచ్చి కూర్చుంటుంది. సాక్షి ఒంటరివాడు కాడు. ఇక ప్రాసిక్యూటర్ ఎవరన్నది కేసు బతుకుతుందా చస్తుందా అన్నది తేల్చే సంగతి.

ఆ కోరిక తీరడానికి పదమూడేళ్ళు పట్టింది. 2004 చివర్లో చుండూరులోనే విచారణ మొదలైంది. దళితులు కోరుకున్న న్యాయవాది బి. చంద్రశేఖర్ స్పెషల్ ప్రాసిక్యూటర్ అయ్యాడు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు ఆఖరి మాట 2008లో గాని రాలేదు. అంటే 23 ఏళ్ళు.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు చుండూరు శిక్షలన్నీ కొట్టేసింది. చావు ఏ సమయానికి జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరు కొట్టారు అన్నవి ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది. గోతాల్లో దొరికిన శవాలకు గడియారం లెక్క అడిగితే పల్లె ఏం చెప్తుంది? ఆ లెక్క రాయాల్సింది దర్యాప్తు చేసిన పోలీసు. దర్యాప్తులో లోపముంటే దాని ఫలం నిందితుడికి దక్కింది, భారం బాధితుడి మీద పడింది. లోపం చేసినవాడిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

ఇక్కడే మన ముందున్న పని ఉంది. చట్టం కింద 1995లో నియమాలు వచ్చాయి. డీఎస్పీకి తక్కువ కాని అధికారి దర్యాప్తు చెయ్యాలి. బాధితులు కోరితే వాళ్ళు కోరిన పేరున్న లాయర్‌ను కలెక్టర్ పెట్టవచ్చు. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ ఉండాలి. చుండూరు శిబిరంలో అడిగినవి కొన్ని ఇప్పుడు కాగితం మీద హక్కులు. వాటిని కాగితం మీది నుంచి దించాల్సింది మనమే. మీ జిల్లాలో కమిటీ ఎప్పుడు కూర్చుంది? కూర్చుంటే ఏ కేసు గురించి మాట్లాడింది? సెక్షన్ 4 కింద ఎంతమంది అధికారుల మీద కేసు కట్టారు? విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు ఈ మూడు ప్రశ్నలు కలెక్టరేటుకు రాతపూర్వకంగా పట్టుకుపోతే, శిబిరం ఇంకా ఎత్తెయ్యలేదని ప్రభుత్వానికి తెలుస్తుంది.