అంతర్జాతీయ వ్యాపార విద్య

అంతర్జాతీయ వ్యాపార విద్య అనగా దేశాల సరిహద్దులు దాటి జరిగే వస్తువుల, సేవల, పెట్టుబడుల మార్పిడిని గురించి కళాశాల, విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించే పాఠ్యవిషయం. వాణిజ్యశాస్త్రం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం, రవాణా నిర్వహణ ఇందులో కలిసి ఉంటాయి. భారతదేశంలో దీనిని డిగ్రీ స్థాయిలో బి.కాం., బి.బి.ఏ. కోర్సులలో భాగంగాను, పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయిలో ఎం.బి.ఏ. (అంతర్జాతీయ వ్యాపారం) గాను బోధిస్తున్నారు.

పేరులో "అంతర్జాతీయ" అనే మాట ఉన్నందువలన ఇది విదేశాలలో ఉద్యోగానికి దారితీసే చదువని విద్యార్థులు, తల్లిదండ్రులు భావించడం కద్దు. నిజానికి ఈ చదువు నేర్పే పనిలో అధికభాగం స్వదేశంలోని రేవులలో, బ్యాంకులలో, ఎగుమతి సంస్థల కార్యాలయాలలో జరిగేదే. ఈ తేడా ముందుగా తెలిస్తే కోర్సును ఎంచుకోవడం తేలిక అవుతుంది.

చరిత్ర

విదేశీ వాణిజ్యానికే ప్రత్యేకించిన తొలితరం విద్యాసంస్థలలో పేరుపొందినది అమెరికాలోని థండర్‌బర్డ్. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పైలట్లకు శిక్షణ ఇచ్చిన అరిజోనా రాష్ట్రపు విమానక్షేత్రంలో 1946లో ఇది ప్రారంభమైంది. ప్రస్తుతం అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఉంది.

భారతదేశంలో 1963లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ఆధ్వర్యంలో భారతీయ విదేశీ వాణిజ్య సంస్థ (ఐ.ఐ.ఎఫ్.టి.) ఢిల్లీలో ఏర్పడింది. విదేశీ మారకద్రవ్యం కొరత తీవ్రంగా ఉన్న ఆ రోజులలో ఎగుమతులను పెంచగల సిబ్బందిని తయారుచేయడం దీని ఆశయం. 2002లో దీనికి డీమ్డ్ విశ్వవిద్యాలయం హోదా లభించింది. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత, 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడిన తరువాత ఇతర విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు కళాశాలలు కూడా ఈ కోర్సులను ప్రవేశపెట్టాయి. పూణేలోని సింబయోసిస్ అంతర్జాతీయ వ్యాపార సంస్థ 1992లో మొదలైంది.

ఐ.ఐ.ఎఫ్.టి.కి ఢిల్లీ, కోల్‌కతాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడలోను ప్రాంగణం ఉంది. ఇది 2022లో జె.ఎన్.టి.యు. కాకినాడ ఆవరణలో ప్రారంభమైంది. బియ్యం, సముద్ర ఉత్పత్తుల ఎగుమతికి పేరుపొందిన రేవుపట్టణం కావడం ఈ ప్రాంగణానికి తగిన నేపథ్యం.

పాఠ్యాంశాలు

సిద్ధాంతాలు: ఆడం స్మిత్ 1776లోను, డేవిడ్ రికార్డో 1817లోను ప్రతిపాదించిన సిద్ధాంతాలతో పాఠం మొదలవుతుంది. రికార్డో ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధమైనది. కొంత పరిమాణం బట్ట నేయడానికి ఇంగ్లండుకు ఏడాదికి 100 మంది, పోర్చుగల్‌కు 90 మంది శ్రమ కావాలి. కొంత ద్రాక్షసారా తయారీకి ఇంగ్లండుకు 120 మంది, పోర్చుగల్‌కు 80 మంది కావాలి. రెండింటిలోను పోర్చుగలే మెరుగు. అయినప్పటికీ పోర్చుగల్ సారాను మాత్రమే చేసి బట్టను కొనుక్కుంటే 90 మంది చేయవలసిన పని 80 మందితో తీరుతుంది. ఇంగ్లండు బట్టను మాత్రమే చేసి సారాను కొనుక్కుంటే 120 మంది పని 100 మందితో తీరుతుంది. దీనినే తులనాత్మక ప్రయోజన సిద్ధాంతం అంటారు. హెక్షర్–ఓలిన్ సిద్ధాంతం, రేమండ్ వెర్నన్ 1966లో ప్రతిపాదించిన ఉత్పత్తి జీవితచక్ర సిద్ధాంతం తరువాత వస్తాయి.

చట్టాలు: కస్టమ్స్ చట్టం (1962), విదేశీ వాణిజ్య అభివృద్ధి, నియంత్రణ చట్టం (1992), విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (1999) ముఖ్యమైనవి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విదేశీ వాణిజ్య విధానాన్ని కూడా చదవవలసి ఉంటుంది.

వస్తువుల వర్గీకరణ: 1988లో అమలులోకి వచ్చిన హార్మొనైజ్డ్ పద్ధతి ప్రకారం ప్రతి సరుకుకు ఆరు అంకెల సంకేతం ఉంటుంది. భారతదేశం దీనిని ఎనిమిది అంకెలకు పొడిగించింది. బియ్యం 1006తోను, మిరప 0904తోను, రొయ్యలు 0306తోను మొదలయ్యే సంకేతాల కిందికి వస్తాయి. సుంకం ఎంత, అనుమతి కావాలా, నిషేధం ఉందా అన్నవి ఈ సంకేతాన్ని బట్టే తేలుతాయి.

సంస్కృతి, భాష: గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐ.బి.ఎం. ఉద్యోగుల సర్వేల ఆధారంగా 1980లో ప్రచురించిన అధ్యయనం ఈ విభాగంలో తప్పనిసరిగా ప్రస్తావనకు వస్తుంది. కొన్ని సంస్థలు ఒక విదేశీ భాషను కూడా బోధిస్తాయి.

ఒక ఎగుమతి జరిగే తీరు

ఈ చదువు దేనికి ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణ ద్వారా చూడవచ్చు. భీమవరం ప్రాంతపు సంస్థ ఒకటి గడ్డకట్టించిన రొయ్యలను విదేశీ కొనుగోలుదారుకు అమ్మిందనుకొందాం.

మొదట ఒప్పందం. ఓడ కిరాయి, బీమా ఎవరు భరించాలి, సరుకు పాడైతే నష్టం ఎవరిది అన్నది ఇన్‌కోటెర్మ్స్ అనే నియమాల ద్వారా నిర్ణయమవుతుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి వీటిని తొలిసారి 1936లో ప్రచురించింది. 2020 ముద్రణలో 11 నియమాలు ఉన్నాయి. ఎఫ్.ఓ.బి. నియమంలో సరుకు ఓడలోకి ఎక్కేవరకు బాధ్యత అమ్మకందారుదే. కంటైనరు సరుకును ఓడలోకి కాక యార్డులోనే రవాణాదారుకు అప్పగిస్తారు కాబట్టి, అటువంటి సరుకుకు ఎఫ్.సి.ఏ. నియమం సరైనదని మండలి సూచిస్తుంది. అయినా అలవాటు కొద్దీ ఎఫ్.ఓ.బి. అనే రాసుకొనేవారు ఉన్నారు. అప్పుడు యార్డులో శీతలీకరణ ఆగి సరుకు చెడిపోతే ఆ నష్టం అమ్మినవారి మీదనే పడుతుంది.

తరువాత కస్టమ్స్. ఎగుమతిదారు తరఫున కస్టమ్స్ బ్రోకరు షిప్పింగ్ బిల్లును ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తారు. అధికారి ఎగుమతికి అనుమతి ఇచ్చిన తరువాతే సరుకు ఓడ ఎక్కుతుంది. ఓడ కంపెనీ బిల్ ఆఫ్ లేడింగ్ అనే పత్రాన్ని ఇస్తుంది. ఇది సరుకు ముట్టినట్లు రసీదు, సరుకుపై హక్కును తెలిపే పత్రం కూడా.

చివరిది సొమ్ము. అమ్మినవారికి, కొన్నవారికి పరస్పరం నమ్మకం లేనప్పుడు లెటర్ ఆఫ్ క్రెడిట్ ద్వారా బ్యాంకు హామీ ఇస్తుంది. 2007 జులై 1 నుండి అమలులో ఉన్న యు.సి.పి. 600 నియమావళి ప్రకారం బ్యాంకు పరిశీలించేది కాగితాలనే గాని సరుకును కాదు. క్రెడిట్‌లో వేరే గడువు లేనప్పుడు రవాణా జరిగిన 21 రోజులలోగా పత్రాలను సమర్పించాలి. వాటిని పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పనిదినాలు ఉంటాయి. సరుకు ఎంత మేలైనదైనా పత్రాలలో తేదీలు గాని, పరిమాణం గాని పొసగకపోతే చెల్లింపు ఆగిపోవచ్చు. అందువలన కాగితం మీద కచ్చితత్వమే ఈ వృత్తిలో మొదటి నైపుణ్యం.

కోర్సులు, ప్రవేశం

ఐ.ఐ.ఎఫ్.టి. ఎం.బి.ఏ. కోర్సుకు గతంలో ప్రత్యేక ప్రవేశపరీక్ష ఉండేది. 2024 ప్రవేశాల నుండి క్యాట్ మార్కులను ఆధారంగా తీసుకొంటున్నారు. సింబయోసిస్ సంస్థకు స్నాప్ పరీక్ష రాయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని విశ్వవిద్యాలయాలు, వాటి అనుబంధ కళాశాలల ఎం.బి.ఏ. ప్రవేశాలు ఐసెట్ ద్వారా జరుగుతాయి. కాకినాడ ప్రాంగణంలో ఇంటర్మీడియట్ తరువాత చేరదగిన ఐదేళ్ళ సమీకృత కోర్సు ఉంది.

2024–25 విద్యాసంవత్సరం నుండి బి.బి.ఏ. కోర్సులు అఖిల భారత సాంకేతిక విద్యామండలి పరిధిలోకి వచ్చాయి. కాబట్టి కళాశాలకు మండలి ఆమోదం ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

ఉద్యోగావకాశాలు

ఎగుమతి సంస్థలు: పత్రాల తయారీ, కొనుగోలుదారులతో ఉత్తరప్రత్యుత్తరాలు, విదేశీ మార్కెటింగ్. హైదరాబాదు ఔషధ సంస్థలు, గోదావరి జిల్లాల రొయ్యల సంస్థలు, గుంటూరు మిర్చి ఎగుమతిదారులు తెలుగువారికి దగ్గరి ఉదాహరణలు.

రవాణా సంస్థలు: ఓడలలో, విమానాలలో స్థలం కుదర్చడం, కంటైనర్ల ఏర్పాటు. విశాఖపట్నం, కృష్ణపట్నం, చెన్నై రేవుల వద్ద ఈ కార్యాలయాలు ఉంటాయి.

కస్టమ్స్ బ్రోకరు: 2018 నిబంధనల ప్రకారం దీనికి లైసెన్సు అవసరం. డిగ్రీతో పాటు ఎం.బి.ఏ. వంటి వృత్తివిద్యార్హత గాని, జి-కార్డు కలిగి రెండేళ్ళ అనుభవం గాని ఉన్నవారు రాతపరీక్షకు, మౌఖికపరీక్షకు హాజరు కావచ్చు. పట్టా ఒక్కటే చాలదు.

బ్యాంకులు: లెటర్ ఆఫ్ క్రెడిట్ పరిశీలన, విదేశీ మారకద్రవ్య విభాగాలు.

ప్రభుత్వ సంస్థలు: ఎగుమతి రుణాలకు బీమా కల్పించే ఇ.సి.జి.సి. (1957), ఎగ్జిమ్ బ్యాంకు (1982), కొచ్చిలోని సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (1972), గుంటూరులోని పొగాకు బోర్డు (1976). వీటిలో ఖాళీలు ప్రకటనల ద్వారా, పరీక్షల ద్వారా భర్తీ అవుతాయి.

స్వంత వ్యాపారం: ఎగుమతి-దిగుమతి చేయదలచినవారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుండి ఐ.ఇ.సి. అనే సంఖ్యను పొందాలి. దీని రుసుము 500 రూపాయలు. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య వివరాలను ధ్రువీకరించనిచో ఈ సంఖ్య స్తంభించిపోతుంది.

ఒడిదుడుకులు

ఈ రంగంలో ఉపాధి ప్రభుత్వ నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. 2023 జులై 20న కేంద్రప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం విధించింది. నిషేధాన్ని 2024 సెప్టెంబరులో, సుంకాన్ని అక్టోబరులో తొలగించారు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై అదనపు సుంకాన్ని రెండు విడతలుగా 50 శాతానికి పెంచినప్పుడు ఆ విపణిపై ఆధారపడిన రొయ్యల పరిశ్రమ ఇబ్బందికి గురైంది. ఇటువంటి వేళ ఇతర దేశాల మార్కెట్లను, వాటి నాణ్యతా నియమాలను ఎరిగిన సిబ్బంది విలువ పెరుగుతుంది. ఒకే సరుకు, ఒకే దేశం తెలిసినవారికి ఉద్యోగభద్రత తగ్గుతుంది.

విదేశాలలో ఈ చదువు

తెలుగు రాష్ట్రాల నుండి అమెరికా వెళ్ళే విద్యార్థులు ఒక విషయాన్ని గమనించాలి. అక్కడ చదువు ముగిశాక ఓ.పి.టి. పేరిట 12 నెలలు పనిచేసే అనుమతి ఉంటుంది. సైన్సు, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత కోర్సులవారికి మరో 24 నెలల పొడిగింపు లభిస్తుంది. అంతర్జాతీయ వ్యాపారం అనే వర్గీకరణ ఆ జాబితాలో లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇటువంటి కోర్సులనే గణాంక విశ్లేషణ ప్రధానమైన వేరొక వర్గీకరణ కింద నడుపుతాయి. విద్యారుణం తీసుకొని వెళ్ళేవారికి ఈ రెండేళ్ళ తేడా అప్పు తీర్చగల శక్తిపై నేరుగా ప్రభావం చూపుతుంది. కాబట్టి కోర్సు పేరును కాక దాని వర్గీకరణ సంకేతాన్ని విశ్వవిద్యాలయం నుండి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

ప్రపంచ వాణిజ్య సంస్థ
డేవిడ్ రికార్డో
విశాఖపట్నం ఓడరేవు
పొగాకు బోర్డు
విదేశీ మారకద్రవ్యం