టేకాకుల కింద రాయి

తెల్లవారుజాము నాలుగున్నర. సూరత్‌లోని లింబాయత్‌లో వీధి దీపాలింకా ఆరలేదు. మగ్గాలైతే రాత్రంతా ఆగనే లేదు. పవర్‌లూమ్ షెడ్ల టకటకల మధ్య ఒక ఇరుకు గల్లీలో మీరు నిలబడి ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల గల్లీ ఇది. బోర్డులు గుజరాతీలో, గడపల దగ్గర మాటలు తెలుగులో. మీ చేతిలో ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్. ముందు ఫోర్కు 140 మిల్లీమీటర్లు కుంగుతుంది, వెనక చక్రం 130. ఇవాళ దీన్ని డాంగ్ అడవికి తీసుకెళ్తున్నాం.

"సంచి తగిలించుకో తమ్మీ. బూట్లేసుకో. నీళ్లు నింపినవా?" అంటాడు అన్న. వారమంతా వాటర్‌జెట్ మగ్గాలు బాగుచేసే మనిషి, ఆదివారాలు సైకిళ్లకు రాసిచ్చాడు. చేతిలో షాక్ పంపు, జేబులో స్కూలు పిల్లల స్టీలు స్కేలు.

బరువంటే ఒంటి బరువొక్కటే కాదు. సంచి, నీళ్లు, హెల్మెట్ కలిపి మీరు 76 కిలోలు, పౌండ్లలో 168. రైడర్ ఎన్ని పౌండ్లుంటే అన్ని పీఎస్‌ఐ గాలితో మొదలుపెట్టడం చాలా ఎయిర్ షాకులకు వాడుకలో ఉన్న పద్ధతి. అన్న 165 దగ్గర ఆపుతాడు. సీటు మీద రెండు చేతులూ ఆనించి నిదానంగా పదిసార్లు నొక్కుతాడు. షాకులో గాలి గదులు రెండుంటాయి, కొట్టిన గాలి రెంటికీ సర్దుకోవాలి. మళ్లీ పంపు బిగిస్తే ముల్లు 150కి పడి ఉంది. తిరిగి 165కి తెస్తాడు.

"ఇగ ఎక్కు. గోడ పట్టుకో. ఎగురకు."

మీరు పెడళ్ల మీద నిలబడి, తర్వాత మెల్లగా సీటు మీద కూర్చుంటారు. షాకు కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఒకటుంది. అన్న వంగి దాన్ని సీలు దాకా జరిపి, దిగమంటాడు. బండి పైకి లేస్తుంది, రింగు మాత్రం కుంగినంత దూరాన ఆగిపోతుంది. స్కేలు పెట్టి చూస్తే 12 మిల్లీమీటర్లు. షాకు మొత్తం స్ట్రోకు 50. "గట్టిగున్నది. పదిహేను రావాలె," అని వాల్వు నొక్కి కొంచెం గాలి వదులుతాడు. మళ్లీ ఎక్కడం, దిగడం. ఈసారి సరిగ్గా 15, అంటే ముప్ఫై శాతం. ముందు ఫోర్కుకు ఇరవై శాతం చాలు కాబట్టి 28 దగ్గర ఆపుతాడు. ఇలా రైడర్ బరువుకు బండి ముందే కుంగి ఉండడాన్ని సాగ్ అంటారు.

ఎక్కీ ఎక్కకముందే ఇంత కుంగితే, రాయి తగిలినప్పుడు మిగిలేదేముంటుందని మీకు అనిపిస్తుంది. కానీ దారిలో రాళ్లెన్నో గుంతలూ అన్నే. రాయి వస్తే చక్రం పైకి లేవడానికి చోటు కావాలి, గుంత వస్తే కిందికి దిగి నేలను అందుకోవడానికీ చోటు కావాలి. కిందికి దిగే ఆ చోటే ఈ 15 మిల్లీమీటర్లు. సస్పెన్షన్ నడుము నొప్పి తగ్గించడానికని చాలామంది అనుకుంటారు. నడుముకు సుఖం దక్కేమాట నిజమే, అయితే దాని మొదటి పని చక్రం నేలను వదలకుండా చూడటం. టైరు నేలను పట్టుకుని ఉన్నంతసేపే బ్రేకు పనిచేస్తుంది, తిప్పినవైపు బండి తిరుగుతుంది, తొక్కిన బలం ముందుకు పోతుంది. మగ్గం ఎరిగినవాళ్లకు దీన్ని విప్పిచెప్పనక్కర్లేదు. పడుగు మరీ బిగిస్తే పోగు తెగుతుంది, మరీ వదిలితే నేత కుదరదు.

ఇక రీబౌండ్. కుంగిన స్ప్రింగు ఎంత వేగంగా తిరిగి లేవాలో చెప్పే ఎర్ర నాబ్ అది. గల్లీ చివర సిమెంటు రోడ్డు అరచేయి ఎత్తున తెగి ఉంది. "కూసునే దిగు," అంటాడు అన్న. దిగుతారు. వెనక భాగం కుంగి, లేచి, మళ్లీ కుంగి, మళ్లీ లేస్తుంది. నాబ్ రెండు క్లిక్కులు నెమ్మది వైపు తిప్పి మళ్లీ దిగమంటాడు. ఈసారి కుంగింది, లేచింది, ఒక్కసారి సర్దుకుని నిలిచింది. ఇంకా నెమ్మది చేస్తే, వరసగా రాళ్లు వచ్చినప్పుడు ఒక రాయికి కుంగింది లేవకముందే రెండో రాయి తగిలి, షాకు అడుగంటా కుంగి గట్టిపడుతుంది.

కారు వెనక సైకిళ్లు కట్టుకుని బయల్దేరతాం. ఉధనా దాటి 48వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే నవసారి దాకా దారి చదునే. నదులు వేల ఏళ్లుగా తెచ్చిపోసిన మెత్తటి నేల ఇది. కొనే ముందు చూడాల్సింది ఈ నేలనే. మీరు తొక్కేది గౌరవ్ పథ్ మీద, డుమస్ బీచ్ దాకా వెళ్లి వచ్చే రోడ్డు మీద, రాందేర్ కాజ్‌వే మీద అయితే ఫుల్ సస్పెన్షన్ అక్కర్లేదు. ముందు ఫోర్కు మాత్రమే కుంగే హార్డ్‌టెయిల్ తేలిగ్గా, చవగ్గా అంతా చేసిపెడుతుంది. బరువూ ఖర్చూ మోయడానికి ఒక కారణం కావాలి. ఆ కారణం కొండలో ఉంటుంది.

పిల్లలు ముచ్చటపడే డబుల్ షాకర్ సైకిళ్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి వెనక లావుపాటి స్ప్రింగు కనబడుతుంది గానీ, దాన్ని అదుపులో పెట్టే డ్యాంపర్ ఉండదు. స్ప్రింగు మింగిన దెబ్బను అంతే బలంగా తిరిగి విసురుతుంది. డ్యాంపర్‌లోని నూనె సన్నటి రంధ్రాల గుండా పోతూ ఆ విసురును వేడిగా మార్చి చంపేస్తుంది. అది లేని బండి రాళ్లలో మనిషిని ఎగరేస్తుంది, ఎక్కుడులో తొక్కిన బలాన్ని ఊగులాటలో పారబోస్తుంది. అంత డబ్బుకు మంచి హార్డ్‌టెయిల్ కొనడం వెయ్యిరెట్లు మేలు.

అసలైనవాటిలో కొలతలు పని చెబుతాయి. 100 నుంచి 120 మిల్లీమీటర్ల కదలిక ఉన్నవి క్రాస్ కంట్రీ బండ్లు, ఎక్కడంలో వేగం. 120 నుంచి 150 దాకా ట్రెయిల్ బండ్లు, ఎక్కుడు దిగుడు రెంటికీ తగినవి. ఆపైన ఎండ్యూరో. 200 దగ్గర డౌన్‌హిల్, అవి దిగడానికి తప్ప ఎక్కడానికి పనికిరావు. డాంగ్‌లో ఎక్కి దిగాల్సింది మన కాళ్లతోనే కనుక ట్రెయిల్ బండి సరిపోతుంది. సైజు చూసేటప్పుడు సీటు మీద కూర్చుని తృప్తిపడకూడదు. పెడళ్ల మీద లేచి, మోకాళ్లూ మోచేతులూ వంచి నిలబడి చూడాలి. దిగుడులో ఉండేది ఆ భంగిమలోనే.

చిఖ్లీ దగ్గర జాతీయ రహదారి వదిలి తూర్పుకు తిరుగుతాం. చెరకు లారీలు ఎదురొస్తున్నాయి. స్టీరింగ్ వెనక అన్న ఈ బండి పుట్టుక చెబుతున్నాడు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద రీప్యాక్ అనే కొండదారిలో పందేలు మొదలుపెట్టారు. పాల్ టర్నర్ రూపొందించిన రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 ఫోర్కు 1989లో వచ్చింది. మౌంటెన్ బైకింగ్ 1996 అట్లాంటాలో ఒలింపిక్స్‌లో చేరింది. వెనక సస్పెన్షన్ ఎక్కుడులో బలం తినేస్తుందని రేసర్లు చాలాకాలం దాన్ని దూరంపెట్టారు. 2012 లండన్‌లో చెక్ రేసర్ యారోస్లావ్ కుల్హవీ ఫుల్ సస్పెన్షన్ బండి మీదే బంగారు పతకం గెలిచాడు. 2016 రియోలో నీనో షూర్టర్ కూడా అంతే. కుదుపు తక్కువైతే కాళ్లు అలిసిపోవడం తక్కువ, చక్రం జారడం తక్కువ. ఆ లాభం అదనపు బరువు కన్నా పెద్దదని రేసులే తేల్చాయి.

వాన్స్‌దా దాటి వఘై చేరేసరికి వెలుగొచ్చింది. బిలిమోరా నుంచి ఇక్కడికి 63 కిలోమీటర్ల నారోగేజి లైనును గైక్వాడ్ల బరోడా సంస్థానం 1913లో వేసింది. అది మోసింది ఈ అడవి టేకునే. కారు దిగగానే చలి చురుక్కుమంటుంది. లింబాయత్‌లో 22 డిగ్రీలుంటే ఇక్కడ 12. అన్న మళ్లీ పంపు తీస్తాడు. పది డిగ్రీలు తగ్గితే షాకులో ఐదారు పీఎస్‌ఐ పడిపోతుంది. ఆ మేరకు గాలి కొట్టి టైర్లు చూస్తాడు. ట్యూబ్‌లెస్ టైర్లలో ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ. రోడ్డు సైకిల్ అలవాటున్నవాళ్లకు ఇది పంచరైన టైరులా తోస్తుంది. రాయిని కావలించుకోవాలంటే టైరు ఇంత మెత్తగానే ఉండాలి.

వాన్స్‌దా జాతీయ వనంలోకి, పూర్ణా అభయారణ్యంలోకి అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు. మనం పల్లెల మధ్య ఎడ్లబండ్ల బాట పడతాం.

బాట ఎక్కుడుతో మొదలవుతుంది. షాకు ఊగకుండా బిగించే మీటను మధ్యలో పెట్టండి. సీటు ముక్కు మీదికి జరిగి, గుండెను హ్యాండిల్ వైపు వంచండి. నిలబడి తొక్కాలని కాళ్లు కోరతాయి. తొక్కకండి, కూర్చుని గుండ్రంగా తొక్కండి. నల్లటి బసాల్టు రాళ్లు మట్టిలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. హార్డ్‌టెయిల్ అయితే వెనక చక్రం ఒక్కో రాయి మీదా ఎగిరి ఒట్టిగా తిరిగేది. ఇక్కడ అది రాయెక్కి, రాయి దిగి, నేలను పట్టుకునే ఉంది. మీ వెనక చిటచిటమని చిన్నరాళ్లు చిట్లుతున్నాయి. బండి కుంగి ఉండటంతో పెడళ్లు నేలకు దగ్గరయ్యాయి. రాళ్ల మధ్య పెడల్ సగం తిప్పి వెనక్కి తెచ్చి మళ్లీ సగం తొక్కడం, ఆ లెక్క కాలికి రావాలి.

మిట్ట మీద ఆగుతాం. ఊపిరి కుదుటపడుతుంది. కింద లోయంతా టేకు, మధ్య మధ్య వెదురు పొదలు.

"మీట పూర్తిగా తెరువు. సీటు దించు. చేతులు వదులు. బరువంతా కాళ్ల మీద. కింద సూడకు తమ్మీ, ముంగట సూడు."

సీటు మీద బరువు వేసి బొటనవేలితో మీట నొక్కితే డ్రాపర్ పోస్టు సీటును కిందికి జారుస్తుంది. మడమలు దించుతారు, మోచేతులు విప్పుతారు, ఒక్కో బ్రేకు మీద ఒక్కటే వేలు. బండి వాలుతుంది.

జనవరి నెల. టేకు ఆకు రాలుతోంది. విసనకర్రంత ఆకులు బాటంతా పరుచుకుని, చక్రాల కింద కరకరలాడుతున్నాయి. ఆకు కింద ఏముందో కంటికి తెలియదు. ముందు చక్రానికి మెత్తటి దుమ్ము, తర్వాత ఒక వేరు, ఆ తర్వాత తలకాయంత రాయి. ఫోర్కు ఒక్క ఉదుటున కుంగుతుంది. మణికట్టుకు చేరేసరికి అది దెబ్బ కాదు, తోపు. రాయి వెనకే బండి గాడి పడిన గుంత. వెనక చక్రం దిగి దాన్ని అందుకుంటుంది. గల్లీలో స్కేలు పెట్టి కొలిచిన 15 మిల్లీమీటర్లు ఇక్కడ పనిలోకి దిగాయి. భయంతో బ్రేకు బిగిస్తే చక్రం ఆకుల మీద జారుతుంది. బ్రేకు మలుపుకు ముందే వేయండి, రాళ్ల మీద వదిలేయండి. మలుపులో బయటివైపు కాలు కిందికి నొక్కి, ఒంటిని నిటారుగా ఉంచి బండిని మాత్రం వాల్చండి. టైరు అంచు మట్టిని కరుస్తుంది. వెనక బ్రేకు పట్టినా సస్పెన్షన్ కదులుతూనే ఉంది. ఆస్ట్రియా మోటోక్రాస్ రేసర్ హోర్స్ట్ లైట్నర్ పేరు మీద నడిచే నాలుగు కీళ్ల అమరిక ఈ ఫ్రేములో ఉంది. బ్రేకు బలం కుంగుడును అంతగా పట్టేయకుండా ఆ కీళ్లు చూసుకుంటాయి.

వాగు దాటాక పల్లె. ఒక ఇంటి అరుగు మీద ఆడమనిషి నాగ్లీ రొట్టెలు కాలుస్తోంది. మన తైదలే. వేడి రొట్టె, పచ్చిమిర్చి కారం చేతికొస్తాయి. ఆ బాట మీద ఆమె రోజూ నెత్తిన కట్టెలమోపుతో నడుస్తుంది. ఎడ్లు ఎదురైనప్పుడు దిగి పక్కకు నిలబడటం, వాగులో బురద రేపకుండా దాటడం, గేటు తీస్తే మళ్లీ వేయడం మన వంతు. బాట వాళ్లది.

అన్న బండిని గోడకు ఆనించి రింగు చూస్తాడు. 50లో 46 దాకా పోయి ఉంది. దారిలో అన్నిటికన్నా పెద్ద దెబ్బకు ఇంకా నాలుగు మిల్లీమీటర్లు మిగిలాయి. అదే 35 దగ్గర ఆగితే గాలి ఎక్కువైందనీ, డబ్బు పెట్టి కొన్న కదలికలో దాదాపు మూడో వంతు వాడుకోవడం లేదనీ అర్థం. ప్రతి పెద్ద దిగుడు తర్వాతా అడుగంటి ఠక్కుమంటుంటే సాగ్ చెడగొట్టకుండా షాకులో గాలి గదిని చిన్నది చేసే వాల్యూమ్ స్పేసర్ వేయాలి. తడిగుడ్డతో ఫోర్కు కడ్డీలు తుడుస్తాడు. సర్వీస్ సెంటర్ల ప్రెషర్ పైపుతో కీళ్ల మీద నీళ్లు కొట్టనివ్వద్దంటాడు, బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. ఫోర్కు కింది కాళ్లలో నూనె యాభై గంటలకోసారి మార్చాలి. డుమస్ ఉప్పుగాలి తగిలే బండికి ఇంకా ముందే.

సూరత్‌లో పుట్టి చదును నేల మీద పెరిగిన మన పిల్లలకు మూడు గంటల దూరంలో ఇంత కొండ ఉంది. ఉన్న హార్డ్‌టెయిల్‌తోనే ముందు ఇక్కడికి రండి. ఈ బాట దిగండి. మీ చేతులు ఎక్కడ అలిసిపోయాయో, చక్రం ఎక్కడ నేలను వదిలిందో గమనించండి. ఎంత కదలిక కావాలో ఆ తర్వాత మీకే తెలుస్తుంది. లక్షలు పోసి కొనే రోజు వస్తే, రంగుకూ బ్రాండుకూ ముందు షాక్ పంపుకు డబ్బు తీసిపెట్టండి. మీ బరువుకు సర్దని ఖరీదైన బండి కన్నా, సర్దుకున్న మామూలు బండి ఈ రాళ్లలో మిమ్మల్ని బాగా కాపాడుతుంది.