పంపిన సొమ్ములో అందినదెంత?

గోల్కొండ వజ్రాల కోసం పదిహేడో శతాబ్దంలో పలుమార్లు భారతదేశానికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్, 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో గనుల గురించి, దర్బారుల గురించి రాసినంత శ్రద్ధగానే సొమ్మును ఒక పట్టణం నుంచి మరొక పట్టణానికి చేర్చడానికి అయ్యే ఖర్చు గురించీ రాశాడు. ఒక ఊరిలో డబ్బు తీసుకొని సూరతు రేవులో చెల్లించేటట్లు పత్రం రాసి ఇస్తే దానిపై పడే బట్టా ఎంతో ఆయన ఊరివారీగా పేర్కొన్నాడు: ఢాకా నుంచి 10 శాతం, లాహోరు నుంచి 6 శాతానికి కొంచెం పైన, గోల్కొండ నుంచి 4 నుంచి 5 శాతం, దౌలతాబాదు నుంచి ఒకటి, ఒకటిన్నర. దాదాపు మూడున్నర శతాబ్దాల తరువాత, ఉపగ్రహాలూ సముద్రగర్భ తీగలూ అందుబాటులో ఉన్న కాలంలో, ఒక దేశం నుంచి మరో దేశానికి 200 డాలర్లు పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు ఆరున్నర శాతానికి అటూ ఇటూగా ఉందని ప్రపంచబ్యాంకు లెక్కలు చెబుతున్నాయి. సొమ్ము పంపడానికి అయ్యే ధర దూరాన్ని బట్టి గానీ యంత్రాల వేగాన్ని బట్టి గానీ నిర్ణయం కాదనీ, దారిలోని భయాన్ని ఎవరు భరిస్తారు, ద్రవ్యాల మధ్య గోడను ఎవరు కట్టారు అన్న రెండు ప్రశ్నలే దాన్ని నిర్ణయిస్తాయనీ ఈ సుదీర్ఘ చరిత్ర చూపిస్తుంది.

టావెర్నియర్ చెప్పిన పత్రమే హుండీ. ఒక ఊరి షరాబు మరో ఊరిలోని తన భాగస్వామికో, నమ్మకస్తుడైన మరో షరాబుకో, ఫలానా మొత్తాన్ని ఫలానావారికి చెల్లించమని రాసే ఆజ్ఞాపత్రం అది. చూపించగానే చెల్లించవలసినదాన్ని దర్శనీ హుండీ అనీ, గడువు ముగిశాక చెల్లించేదాన్ని ముద్దతీ హుండీ అనీ అనేవారు. సరుకు క్షేమంగా చేరితేనే చెల్లుబాటయ్యే జోఖిమీ హుండీ మూడో రకం. ఈ మూడో రకం వ్యవహారాల్లో బాటసారులను దొంగలు దోచుకుంటే నష్టం అప్పు ఇచ్చినవాడిదే కనుక, గోల్కొండ వర్తకుడు చెల్లించిన ఆ నాలుగైదు శాతంలో వడ్డీ, బీమా, రవాణా ఖర్చు మూడూ కలిసి ఉన్నాయన్నది గమనించదగిన విషయం. రాజ్యాల మధ్య పోరు రేగి బాటలు ప్రమాదకరమైనప్పుడు బట్టా పెరిగేది, శాంతి నెలకొంటే తగ్గేది. ఇంగ్లీషు పాలకులు 1881లో చేసిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సైతం దేశభాషల్లో రాసిన ఇటువంటి పత్రాల విషయంలో స్థానిక ఆచారాన్ని మన్నిస్తానని మొదటి సెక్షన్‌లోనే ఒప్పుకున్నదంటే, ఆ వ్యవస్థ వేళ్లు ఎంత లోతుగా దిగాయో ఊహించవచ్చు.

అయితే హుండీ వర్తకుల సాధనం. కూలికి పోయినవాడు ఇంటికి పంపే పది రూపాయలకు అందులో చోటు లేదు. ఆ లోటును కొంతవరకు పూడ్చింది తపాలాశాఖ. 1880లో మనియార్డరు పని జిల్లా ఖజానాల చేతి నుంచి తపాలా కార్యాలయాలకు మారాక, బంట్రోతు డబ్బు సంచితో గడప దగ్గరకు వచ్చి వేలిముద్ర వేయించుకొని రొక్కం లెక్కపెట్టి ఇచ్చే పద్ధతి దేశమంతటా వ్యాపించింది. మనియార్డరు చివరి దశాబ్దాల్లో కమిషను 20 రూపాయలకు ఒక రూపాయి, అంటే 5 శాతం. గోల్కొండ హుండీకి పడిన బట్టాకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

తెలుగువారికి సంబంధించినంతవరకు సముద్రం దాటి వచ్చిన తొలి పెద్ద సొమ్ము రంగూన్ డబ్బే. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లినవారు రంగూన్ రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనిచేసి, సంపాదనలో మిగిలినదాన్ని ఇళ్లకు పంపేవారు. 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే కావడం, రెండు తీరాలలోనూ రూపాయే చెలామణీ కావడం వల్ల ఆ కూలీకి మారకపు రేటు అనే బెడద లేకపోయింది. విడిపోయిన తరువాత కూడా కొంతకాలం బర్మాకు రిజర్వు బ్యాంకే కేంద్రబ్యాంకుగా పనిచేసింది. ఇంత అనుకూలమైన ఏర్పాటులో కూలీకి అసలు కోత తపాలా కమిషను దగ్గర కాక అంతకుముందే, ఓడ ఛార్జీ, ముందస్తు అప్పు పేరుతో జీతంలో వాటా పట్టుకొనే మేస్త్రీ దగ్గర పడేది. పంపే ఖర్చును మాత్రమే కొలిచే నేటి నివేదికలు గల్ఫ్ ఏజెంటుకు కట్టిన లక్షలను లెక్కలోకి తీసుకోవు గనుక, ఈ పాత సంగతిని గుర్తుంచుకోవడం అవసరం. అదే కాలంలో బర్మా వరిసాగుకు పెట్టుబడి సమకూర్చిన నాట్టుకోట్టై చెట్టియార్లు మద్రాసు, రంగూన్‌ల మధ్య పెద్ద మొత్తాలను తమ సొంత శాఖల మధ్య రాసుకున్న హుండీలతోనే నడిపించారు.

1962లో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక పరిస్థితి తలకిందులైంది. వ్యాపారాలు జాతీయమయ్యాయి, 1964లో 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి, దేశం విడిచి వచ్చే భారతీయులను తమ ఆస్తిని వెంట తెచ్చుకోనివ్వలేదు. తరతరాల సంపాదనను అవతలి ఒడ్డున వదిలి వచ్చిన కుటుంబాలలో కొన్ని విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నిలిచిన పేటలో స్థిరపడ్డాయి. ద్రవ్యాల మధ్య గోడ పూర్తిగా లేచినప్పుడు పంపే ఖర్చు నూటికి నూరు శాతమని చెప్పడానికి ఇంతకన్నా కఠినమైన ఉదాహరణ దొరకదు.

పశ్చిమాన మరో గోడ, మరింత వింతగా, అప్పటికే లేచింది. కువైట్, బహ్రెయిన్, ఖతార్, నేటి అరబ్ ఎమిరేట్స్ ప్రాంతం, ఒమన్‌లలో భారత రూపాయే నిత్యవ్యవహారానికి వాడుకలో ఉండేది. అక్కడ చౌకగా దొరికే బంగారాన్ని దొంగతనంగా తెచ్చి, దానికి చెల్లించిన రూపాయలను తిరిగి రిజర్వు బ్యాంకుకు అప్పగించి స్టెర్లింగు పొందే వ్యాపారం వల్ల విదేశీమారక నిల్వలు కరిగిపోసాగాయి. దీన్ని ఆపడానికి 1959లో చట్టాన్ని సవరించి, స్వదేశంలో చెల్లని, గల్ఫ్‌లో మాత్రమే చెల్లే ప్రత్యేక నోట్లను వేరే రంగుల్లో, సంఖ్య ముందు జెడ్ అక్షరంతో ముద్రించారు. గల్ఫ్ రూపాయిగా పిలిచిన ఆ నోటు ఎక్కువకాలం నిలవలేదు. 1961లో కువైట్ సొంత దినారుకు మారింది. 1966 జూన్ 6న డాలరుకు 4.76గా ఉన్న రూపాయి విలువను 7.50కి తగ్గించడంతో, తమ ప్రమేయం లేకుండా తమ పొదుపు కరిగిపోవడం చూసిన మిగిలిన షేకుల రాజ్యాలు దాదాపు అన్నీ రూపాయికి స్వస్తి చెప్పాయి. పదేళ్లు గడవకముందే చమురు ధరలు పెరిగి లక్షలాది భారతీయ కూలీలు ఆ దేశాలకు ప్రయాణమయ్యేసరికి, ఒకప్పుడు ఒకే నాణెంతో ముడిపడిన రెండు తీరాల మధ్య మారకపు రేటు, అనుమతి పత్రం, సుంకం ఉన్న సరిహద్దు సిద్ధంగా ఉంది.

1973 నాటి విదేశీమారక నియంత్రణ చట్టం, అంటే ఫెరా, 1974 జనవరి 1న అమలులోకి వచ్చింది. చమురు సంపద గల్ఫ్‌కు కూలీలను పిలిచిన సమయమూ అదే. కరీంనగర్, నిజామాబాదు జిల్లాల రైతుకూలీలు, కడప జిల్లా రాయచోటి ప్రాంతం నుంచి కువైట్ వెళ్లినవారు, కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు ఇంటికి సొమ్ము పంపవలసి వచ్చినప్పుడు చట్టబద్ధమైన దారి డ్రాఫ్టు, అంటే డీడీ. దాన్ని రిజిస్టరు పోస్టులో పంపాలి, అది చేరాక ఊరికి దూరంగా ఉన్న బ్యాంకులో వేయాలి, వసూలయ్యేదాకా ఆగాలి. ఈ జాప్యాన్ని మించిన నష్టం మరొకటి ఉంది: ప్రభుత్వం నిర్ణయించిన రేటుకూ బజారు రేటుకూ మధ్య ఉన్న తేడా.

హవాలా పుట్టినది ఆ తేడాలోనే అనడం అతిశయోక్తి అవుతుంది, ఎందుకంటే అది హుండీకి దగ్గరి చుట్టమే. కానీ అది బలిసింది మాత్రం ఆ తేడాను తినే. కూలీ అక్కడ ఒక దుకాణంలో దిర్హములు ఇస్తాడు. దుకాణదారుడు హైదరాబాదులోనో ముంబయిలోనో ఉన్న తన మనిషికి కబురు చేస్తాడు. ఒక పాత రూపాయి నోటుపైని సంఖ్యే గుర్తుగా పనిచేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి రొక్కం చేరుతుంది. సొమ్ము సరిహద్దు దాటదు, బాకీ మాత్రమే దాటుతుంది. ఆ బాకీ బంగారం దొంగరవాణా ద్వారానో, ఎగుమతి దిగుమతి బిల్లుల్లో ధరలు తారుమారు చేయడం ద్వారానో, విదేశాల్లో డబ్బు దాచుకోదలచిన స్వదేశీ ధనికుడి రూపాయలతోనో తీరుతుంది. కూలీకి అధికారిక రేటు కన్నా ఎక్కువ రూపాయలు ముట్టేవి గనుక పంపే ఖర్చు సున్నా కన్నా తక్కువగా ఉండేది. కుటుంబానికి జరిగిన ఆ మేలు వెనుక పన్నులు ఎగ్గొట్టినవాడి అవసరం ఉందన్న నిజాన్ని హవాలాను మెచ్చుకొనేవారు సాధారణంగా ప్రస్తావించరు. మోసపోతే రసీదు ఉండదు, ఫిర్యాదు చేసే చోటూ ఉండదు.

ఈ వ్యవస్థ నడ్డి విరిచినది పోలీసుల దాడులు అనుకుంటే పొరపాటే. 1990లో బంగారు నియంత్రణ చట్టం రద్దయింది, 1992లో ప్రవాసులు బంగారం తెచ్చుకోవడానికి అనుమతి లభించింది, 1993 మార్చిలో రూపాయి రేటును మార్కెట్టుకు వదిలారు. తేడా తగ్గడంతో హవాలా ప్రధాన ఆకర్షణ పోయింది. 2000 జూన్ 1న ఫెరా స్థానంలో అమలులోకి వచ్చిన ఫెమా విదేశీమారక ఉల్లంఘనను ప్రధానంగా సివిల్ తప్పుగా పరిగణించి, జైలుకు బదులు ఆ మొత్తానికి మూడింతల వరకు జరిమానా విధించింది. ఎక్స్ఛేంజి దుకాణాలు భారతీయ బ్యాంకుల్లో రూపాయి ఖాతాలు తెరిచి నేరుగా జమచేసే పద్ధతి, విదేశీ సంస్థల ద్వారా వచ్చిన సొమ్మును ఇక్కడి ఏజెంటు దగ్గర తీసుకొనే పద్ధతి విస్తరించాయి. ఈ రెండోదానిలో ఒక్కో లావాదేవీకి 2,500 డాలర్లు, ఏడాదికి 30 లావాదేవీలు, రొక్కంగా 50,000 రూపాయలు అన్న పరిమితులు పెట్టారు. అయినా హవాలా పూర్తిగా పోలేదు. పాస్‌పోర్టు తన యజమాని అయిన కఫీల్ దగ్గర ఉండిపోయి, పత్రాలు లేక ‘ఖల్లివెల్లి’గా మిగిలిపోయిన కూలీకి ఏ కౌంటరూ సేవ చేయదు గనుక, అతడికి మిగిలేది ఆ పాత దారే.

చట్టబద్ధమైన దారిలోనూ నిజమైన ధర బోర్డు మీద కనిపించదు. ఉదాహరణకు బజారులో దిర్హము 23 రూపాయలు ఉన్నరోజు దుకాణం 22 రూపాయల 60 పైసలు ఇస్తూ, 20 దిర్హముల రుసుము వసూలు చేస్తుందనుకుంటే, 1,000 దిర్హములు పంపేవాడు రేటులో 400 రూపాయలు, రుసుములో 460 రూపాయలు వదులుకుంటాడు, అంటే 3.7 శాతానికి పైన. 10,000 దిర్హములు పంపేవాడికి అదే కోత 2 శాతం లోపే. రుసుము లేదని ప్రకటించే సంస్థ రేటులో తన వాటా తీసుకుంటుంది గనుక, పోల్చవలసినది రుసుమును కాదు, చివరికి అందే రూపాయలను. బ్యాంకుల దారి మరీ ఖరీదు కావడానికి కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. 1973లో ఏర్పడిన స్విఫ్ట్ బ్యాంకుల మధ్య సందేశాన్ని మాత్రమే చేరవేస్తుంది; సొమ్ము చేతులు మారాలంటే ఒక బ్యాంకుకు మరో దేశపు బ్యాంకులో ఖాతా ఉండాలి, లేకపోతే మధ్యలో ఒకటో రెండో బ్యాంకులు నిలిచి తలా కొంత తీసుకుంటాయి. ప్రపంచబ్యాంకు పట్టికల్లో బ్యాంకుల సగటు ఖర్చు ఇటీవల 12 శాతం దాటినట్లు కనిపించడం, దొంగల భయంతో ఢాకా నుంచి సూరతుకు పడిన బట్టాను కూడా మించిపోవడం, ఆధునికత గురించి గొప్పగా మాట్లాడేవారు కాస్త ఆగి చూడవలసిన లెక్క.

2009లో ఇటలీలోని లాకిలాలో సమావేశమైన జీ8 దేశాలు అప్పటికి దాదాపు 10 శాతంగా ఉన్న సగటును అయిదేళ్లలో 5 శాతానికి దించుతామన్నాయి. అది ఇప్పటికీ నెరవేరలేదు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 2030 నాటికి 3 శాతం లోపు రావాలంటున్నాయి. భారతదేశానికి వచ్చే దారులు పోటీ వల్ల ప్రపంచ సగటు కన్నా చౌకగా ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐకీ సింగపూర్‌లోని చెల్లింపు వ్యవస్థ పేనౌకూ మధ్య వంతెన పడటంతో, రోజుకు 60,000 రూపాయల పరిమితిలో, ఫోను నంబరుతోనే సొమ్ము పంపడం సాధ్యమైంది. కానీ లక్షలాది తెలుగు కూలీలు ఉన్నది సింగపూర్‌లో కాదు.

రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023–24లో దేశానికి అందిన 118.7 బిలియన్ డాలర్లలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం, పంపిన దేశాల్లో 27.7 శాతంతో అమెరికా మొదటి స్థానంలో, ఎమిరేట్స్ 19.2 శాతంతో రెండో స్థానంలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ జీతగాడు ఫోనులో నాలుగు సంస్థల రేట్లు పోల్చి రూపాయలో పైసల తేడా చూసుకొని పంపగలడు. అమెరికా 2026 జనవరి 1 నుంచి విదేశాలకు పంపే సొమ్ముపై విధించిన ఒక శాతం పన్ను సైతం బ్యాంకు ఖాతా నుంచీ కార్డు నుంచీ పంపేవారిని వదిలిపెట్టి, రొక్కం, మనియార్డరు, క్యాషియర్ చెక్కు తెచ్చి కౌంటరు దగ్గర నిలబడేవారికి మాత్రమే వర్తిస్తుంది.