హస్తకళలో దారువు ఎంపిక: గిద్దలూరు ఎర్రచందనం

హస్తకళలలో దారువు ఎంపికను సాధారణంగా పనితనానికి సంబంధించిన విషయంగానే పరిగణిస్తారు. కొండపల్లి బొమ్మకు తేలికైన తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు మెత్తని అంకుడు, ఉదయగిరి గరిటెలకు నర్ది, బిక్కి వంటి కర్రలు ఎంపికైన తీరు ఇందుకు నిదర్శనం. పశ్చిమ ప్రకాశం అనుభవం మరొక నిర్ణాయకాంశాన్ని చూపుతుంది. అది చట్టం.

1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు నుండి విడివడి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి. గిద్దలూరు అడవులలో ఎర్రచందనం సహజంగా పెరుగుతుంది. దీని చేవ నీటిలో మునిగేంత బరువైనది, చెదను తట్టుకొనేది. జపానులో షామిసెన్ వాద్యపు దండానికి దీనిని శ్రేష్ఠమైన దారువుగా ఎంచారు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1969 నాటి రవాణా నియమాలు దీని తరలింపును అనుమతిపత్రంతో ముడిపెట్టాయి. 1995లో సైటీస్ రెండవ అనుబంధం దీని అంతర్జాతీయ వాణిజ్యాన్నీ నియంత్రించింది.

విదేశీ విపణి కోరిక వల్లనే ఈ రక్షణ అవసరమైంది. ఆ రక్షణ వల్లనే పుట్టినచోటి వడ్రంగికి ఈ దారువు సులభంగా అందనిదైంది. చెట్టు నిలవాలంటే నియంత్రణ తప్పదు. కనుక ఈ ప్రాంతపు దారుశిల్ప చరిత్రను ఉలి జాడలతోపాటు అటవీ దస్త్రాలలోనూ వెదకవలసి ఉంటుంది.