సాలవనముల వసంతము

ఖరగ్‌పూరు జంక్షనుకు పడమట, టాటానగరు పోవు రైలుదారిలో నిమ్‌పురా ఉన్నది. గూడ్సు బండ్ల యార్డు, రైల్వే క్వార్టర్లు, ఎఱ్ఱమట్టి వీధులు దాని రూపము. వంగభాషలో ‘నిమ్’ అనగా వేప. ఉగాదికి వేపపూత కొఱకు చెట్ల క్రిందికి చేరు తెలుగు కుటుంబములు కొన్ని తరములుగా కాపురమున్న పేటకు ఇంతకంటె తగిన పేరు దొరకదు. అయినను ఆ సీమలో వసంతము వేపతో మొదలు కాదు, సాలవృక్షముతో మొదలగును.

మన గుగ్గిలము సాలవృక్షపు బంకయే. ఉత్తర సర్కారుల కొండలలో ఈ చెట్టు ఉన్నది గాని, కంసావతీ నదికి ఇరుప్రక్కల జేగురు నేలలో అది కనిపించినంత విస్తారముగా మనకు కనిపించదు. ఫాల్గుణమున ఆకు రాలుచుండగనే, కొమ్మ పూర్తిగా బోడి కాకమునుపే, క్రొత్త చిగురును లేతపసుపు పూగుత్తులును కలిసి వచ్చును. అడవి నేల మోకాలిబంటి ఎండుటాకుతో నిండును. మోదుగ ఎఱ్ఱవాఱును. ఇప్పపూవు రాత్రి రాలగా స్త్రీలు తెల్లవాఱకమునుపే బుట్టలతో బయలుదేఱుదురు. సంతాలులు ఈ ఋతువున ‘బాహా’ అను పూలపండుగ చేయుదురు. తమ పవిత్రవనమున పూజారి సాలపూవును ఇప్పపూవును దేవతల కర్పించు వఱకు వారి స్త్రీలు ఆ యేటి క్రొత్తపూవును కొప్పున తుఱుమరు. మన ఉత్తరాంధ్ర మన్యమున క్రొత్త మామిడికి పండుగ చేయక కాయ కొఱకని ఆచారము తెలిసినవారికి దీనిలోని వివేకము బోధపడును. అనుభవమునకు ముందు అనుమతి యడుగుట ఆ రెండింటికిని మూలము. అడవి శాఖ పుట్టక మునుపే అడవికి చట్టమున్నదన్నమాట.

ప్రభుత్వము వ్రాసిన చట్టము మాత్రము వేఱు దారిని నడచినది. 1793 నాటి శాశ్వత పరిష్కారముతో మేదినీపురపు అడవులు జమీందారుల ఆస్తి యయ్యెను. ‘జంగల్ మహళ్లు’ అని పేరుగాంచిన ఆ పరగణాలలో పన్ను బాధ తాళలేక 1798-99లో చువాడులు తిరుగబడిరి. కర్ణగఢ్ రాణి శిరోమణి పేరు ఆ తిరుగుబాటుతో నిలిచినది. 1878 అటవీచట్టము దేశమున చాలచోట్ల రిజర్వు అడవుల నేర్పఱచినను, జమీందారీ భూమి యగుటచే ఈ సాలవనములు చాలవఱకు సర్కారు పాలనకు వెలుపలనే ఉండిపోయెను. అంతవఱకు అమ్మకమునకు దూరముగా ఉండుటయే ఆ చెట్లకు రక్ష.

రైలు ఆ రక్షను తొలగించినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్ది ముగియుచుండగా ఖరగ్‌పూరును కూడలిగా చేసికొన్నది. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో అచ్చట పెద్ద వర్క్‌షాపు లేచినది. పట్టాల క్రింద పఱచు స్లీపరుకు బరువైన, చెదపురుగునకు లొంగని కలప కావలెను, సాలము అట్టిది. బండి ప్రక్కనుండియే పోవుచుండగా కట్టెకు బొగ్గుకు కలకత్తాలో గిరాకి కలిగెను. అడవి యజమానులు నఱికి అమ్ముకొనిరి.

ఆ రైలే తెలుగువారిని కూడ తెచ్చినది. తూర్పుతీరపు దారి ఉత్తరభాగము 1902 ప్రాంతమున ఈ కంపెనీ చేతికి వచ్చుటతో వాల్తేరు నుండి హౌరా వఱకు ఒకే యాజమాన్య మయ్యెను. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల కూలీలు, పనివారు, గుమాస్తాలు ఈ దారి పట్టుకొని ఉత్తరమునకు పోయిరి. 1927 నాటి ఖరగ్‌పూరు సమ్మె కాలమున కార్మికసంఘ నాయకుడుగా నిలిచిన వరాహగిరి వేంకటగిరి పేరు ఈ చరిత్రకు తెలుగు ముద్ర వేసినది. కార్మికుని చరిత్ర ఏదో విధముగా వ్రాయబడినది. అతని యింటి పొయ్యిలో కాలిన కట్టె ఏ అడవిదో వ్రాసినవారు తక్కువ. పట్టణము అడవికి ఋణపడినదనుట అలంకారము కాదు.

1953లో పశ్చిమవంగ ప్రభుత్వము జమీందారీల రద్దు చట్టము చేసెను. స్వాధీనమునకు ముందే చేతనైనంత నఱికివేసిన భూస్వాము లెందఱో. సర్కారునకు దక్కిన దానిలో చాలభాగము మోళ్లు, పొదలు. తరువాత రెండు దశాబ్దములు కావలివానికిని కట్టెల మోపునకును నడుమ పోరాటముగా గడచెను. ఆకలిగొన్న ఊరిని లాఠీతో అడవి బయట నిలుపుట ఏ దేశమునను సాధ్యపడలేదు.

1972లో మేదినీపురమునకు ఉత్తరముననున్న అరాబారీలో అజిత్ కుమార్ బెనర్జీ అను అటవీ అధికారి ఈ పోరు విడిచి బేరమునకు దిగెను. 1,272 హెక్టారుల పాడుబడిన అడవి, దాని చుట్టు 11 గ్రామములు, 618 కుటుంబములు. నఱకుట మానుడు, మేపుట అదుపులో ఉంచుడు, కావలి మీరే కాయుడు. పని మేము చూపుదుము, వంటకట్టె చౌకగా నిత్తుము, చెట్టు పెరిగి అమ్ముడుపోయిననాడు రాబడిలో నూటికి 25 పాళ్లు మీవి. ఇదియే ఒడంబడిక సారము. చెట్టు నాటుట ఇందులో ప్రధానము కాదను సంగతి గుర్తింపదగినది. సాలవృక్షపు మోడు చావదు. వేరునందలి బలముతో గుంపుగా పిలకలు వేయును. పశువు మేయకుండ, గొడ్డలి తగులకుండ, నిప్పంటకుండ కొన్ని వసంతములు కాచిన చాలును, అడవి తనంతట తానే లేచును. విత్తనముతో పెంచుట అంత సులభము కాదు; తొలకరి వేళకు రాలు సాలపు గింజ మొలకెత్తు శక్తి వారము దినములకు మించి నిలువదు.

అరాబారీ లేచినది. 1989లో పశ్చిమవంగము ఈ పద్ధతికి విస్తృతముగా ఉత్తర్వు లిచ్చెను. 1990 జూన్‌లో కేంద్రము అన్ని రాష్ట్రములకు సలహాపత్రము పంపెను. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి వెలసిన వనసంరక్షణ సమితులు ఈ వంశములోనివే. సమితులన్నియు సమానముగా పనిచేయలేదు. వాటా పంచుటలో ఆలస్యము, పెత్తనము వదలుకొనని శాఖ అనునవి అంతటను వినవచ్చిన ఫిర్యాదులు. అయినను ఎఱ్ఱనేల తిరిగి పచ్చబడుట కంటికి కనబడు సత్యము.

వసంతమే ఈ అడవికి కఠిన పరీక్ష. ఎండుటాకు మీద ఒక బీడీ ముక్క చాలును. ఇప్పపూవు ఏరుట సులభమగుటకు నేల కాల్చు అలవాటొకటి. ఆ మంట చెట్టును చంపదు గాని మోటి పిలకలను మాడ్చును. అనగా పదేండ్ల తరువాతి అడవిని ఈనాడే కాల్చుట. పట్టణమునుండి విహారమునకు వచ్చువారికి మేదినీపురము ప్రక్కన గోపగఢ్‌లో అటవీశాఖవారి ఉద్యానము ఉన్నది. కంసావతి మీది గాలి, పూచిన సాలము చూచి సాయంత్రమునకు మరలవచ్చును. ఇంటికి పోవునపుడు పొయ్యి బూడిదపై నీళ్లు పోయువాడే ఆ వనమునకు నిజమైన అతిథి.

ఈ ఋతువుననే సామూహికపు వేట కూడ సాగును. మన మన్యపు ఇటుకల పండుగ వంటిదే. 2018 ఏప్రిల్‌లో లాల్‌గఢ్ అడవికి ఎచ్చటినుండియో వచ్చిన పెద్దపులి అట్టి వేటలో హతమయ్యెను. ఆ ప్రాంతమున పులి మాట మఱచిపోయి ఎంతకాలమో అయినది. అడవి తిరిగి వచ్చిన తరువాత అడవిలోనివి కూడ తిరిగి రాక తప్పదని ఎవరును లెక్క వేసికొనలేదు.

ఏనుగులు అంతకుముందే వచ్చినవి. దల్మా కొండలనుండి గుంపులు 1987 మొదలుకొని కంసావతి దాటి వరిచేలవఱకు దిగుచున్నవి. నీడ నిచ్చు సాలవనము, దాని అంచున పండిన పైరు, ఏనుగునకు ఇంతకంటె ఏమి కావలెను? కాపు కోసినవాడే పైరు పోగొట్టుకొనుచున్నాడు. నూటికి 25 పాళ్ల లెక్కలో ఈ నష్టమునకు గడి లేదు. 2025 జూలైలో ఝాడ్‌గ్రామ్ దగ్గఱ బాన్‌స్తలా స్టేషను సమీపమున రాత్రివేళ ఎక్స్‌ప్రెస్ బండి తగిలి పిల్లలతో సహా మూడు ఏనుగులు మరణించెను. ఆ పట్టాలు ఖరగ్‌పూరు నుండి నిమ్‌పురా మీదుగా పోవునవే.