కిరణం, జీవకణం, పాచికలు

ఖతార్‌కు ఉద్యోగానికి వచ్చి నివాస అనుమతి కోరేవారికి జరిపే వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే ఒక భాగం. క్షయ ఉన్నదేమో చూడడం దాని ఉద్దేశం. అల్ దోహా అల్ జదీదాలోని తెలుగువారు వైద్యుడినైన నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ ఎక్స్‌రేల వల్ల, ఆ తరువాత ఏ నొప్పికో తీసే సీటీ స్కానుల వల్ల కేన్సరు వస్తుందా? ప్రశ్న చిన్నదే కాని, జవాబు కోసం సాగిన అన్వేషణకు దాదాపు నూరేళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలోకి కంప్యూటరు ఎందుకు రావలసి వచ్చిందన్నదే ఇక్కడి విషయం.

ఎక్స్‌కిరణాలు పండ్ల ఈగలలో ఉత్పరివర్తనాలు కలిగిస్తాయని 1927లో హెర్మన్ మల్లర్ చూపించాడు. 1956లో పక్, మార్కస్ అనే శాస్త్రజ్ఞులు గాజు పళ్ళేలలో పెంచిన మానవ జీవకణాల మీద ఎక్స్‌కిరణాలు ప్రసరింపజేసి, ఏ మోతాదుకు ఎన్ని బతికాయో లెక్కగట్టారు. హిరోషిమా, నాగసాకి అధ్యయనం 1950 నుంచి సుమారు 1,20,000 మంది ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చింది. పెద్ద మోతాదులు హాని చేస్తాయని వీటివల్ల స్థిరపడింది. 100 మిల్లీగ్రేలకు దిగువన మాత్రం చిత్రం మసకబారుతుంది. కేన్సరు ఎలాగూ చాలామందికి వచ్చే జబ్బు. కిరణాల వల్ల అదనంగా వచ్చే కొద్దిపాటి కేసులు ఆ సంఖ్యలో కలిసిపోతాయి.

ఈ చిక్కు ఎంతటిదో మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతుంది. కేరళ తీరంలోని చవర ప్రాంతపు ఇసుకలో మోనజైట్ ఉంది. అందులోని థోరియం వల్ల అక్కడ సహజ వికిరణం ఎక్కువ. 1976లో ఎయిమ్స్ బృందమొకటి అక్కడ డౌన్ సిండ్రోమ్, క్రోమోజోముల లోపాలు ఎక్కువగా కనిపించాయని 'నేచర్' పత్రికలో ప్రకటించింది. ఆ బృందంలో శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి ఒకరు. ఆ ఫలితం మీద విమర్శలు వచ్చాయి. అరుదైన స్థితిని లెక్కించేటప్పుడు నాలుగైదు కేసులు అటూ ఇటూ అయినా తీర్పు మారిపోతుంది. అదే తీరంలో సుమారు 70,000 మందిని సగటున పదేళ్ళకు పైగా గమనించిన అధ్యయనం 2009లో వెలువడింది; కేన్సరు పెరిగినట్టు అందులో కనబడలేదు.

మనుషులను లెక్కించడం ఒక్కటే చాలనప్పుడు, జీవకణం లోపల ఏం జరుగుతుందో గణించాలి. కిరణం శరీరంలో ఎక్కడ ఏ అణువును తాకుతుందన్నది సంభావ్యతకు సంబంధించిన విషయం. 1946లో స్టానిస్లావ్ ఉలామ్ జబ్బుపడి కోలుకుంటూ ఒంటరిగా పేకాడుతున్నప్పుడు, గెలుపు అవకాశాన్ని సూత్రంతో సాధించేకంటే ఎన్నోసార్లు ఆడి చూస్తే తేలికని గ్రహించాడు. ఆ ఆలోచన నుంచే మాంటీ కార్లో పద్ధతి పుట్టింది. పాచికలు వేసే పని కంప్యూటరుది.

పాచికలు ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఎక్స్‌కిరణాల మోతాదు 1 గ్రే అయితే ఒక్కో జీవకణంలో డి.ఎన్.ఏ. పోగులు రెండూ తెగిన చోట్లు 20 నుంచి 40 దాకా ఏర్పడతాయి. ఛాతీ ఎక్స్‌రే మోతాదు 0.1 మిల్లీగ్రే అనుకున్నా, 40 చొప్పున ఒక్కో కణానికి 0.004 వస్తుంది. తెగుదలలో భిన్నాలుండవు కదా! సుమారు 250 కణాలలో ఒకదానిలో మాత్రమే తెగుతుందని దాని అర్థం. సగటు ఇక్కడ ఏ ఒక్క కణం కథనూ చెప్పదు. ఏ కణానికి ఏమైందో విడివిడిగా అనుసరించాలి.

సెర్న్‌లో రేణుభౌతికం కోసం మొదలైన జియాంట్4 అనే సాఫ్ట్‌వేరుకు చేర్పుగా 2007లో విడుదలైన జియాంట్4-డి.ఎన్.ఏ. చేసేది ఈ పనే. ఒక్కో ఎలక్ట్రాను దారిని, నీటి అణువులు విరిగి పుట్టే చురుకైన ముక్కలను, అవి డి.ఎన్.ఏ.ను తాకే క్షణాన్ని అది మెట్టుమెట్టుగా అనుకరిస్తుంది. మొదటి ఘట్టం సెకనులో లక్ష కోట్లవ వంతులోపే ముగుస్తుంది. మరమ్మతుకు గంటలు పడతాయి. కేన్సరుకు దశాబ్దాలు పట్టవచ్చు. ఈ మూడు కాలాలకూ వంతెన వేయడమే అసలైన కష్టం.

కృత్రిమ మేధ వచ్చింది ఇక్కడికే. సూక్ష్మదర్శిని చిత్రాలలో తెగిన చోట మెరిసే చుక్కలను లెక్కించడం, రూపు మారిన క్రోమోజోములను గుర్తించడం దానికి చేతనవుతున్న పనులు. వారాలు పట్టే అనుకరణ ఫలితాన్ని అది త్వరగా అంచనా వేయగలదు కూడా. అయితే పెద్ద మోతాదుల సమాచారంతో నేర్చిన యంత్రాన్ని చిన్న మోతాదు గురించి అడిగితే, తనకు తెలిసిన గీతనే పొడిగించి చెబుతుంది. అందుకే ఏ ప్రోగ్రామైనా చివరకు కేరళ తీరంలాంటి చోట్ల లెక్కించిన మనుషులతో సరిపోలాలి.

ఇక రోగి అడిగిన ప్రశ్న. ఛాతీ ఎక్స్‌రే మోతాదు 0.1 మిల్లీసీవర్టుకు మించదు. ప్రకృతి నుంచి మనిషికి సగటున ఏటా అందేది 2.4. కడుపు సీటీ స్కానుకు సుమారు 8 నుంచి 10. కనుక ఎక్స్‌రేకు భయపడవలసిన పని లేదు. అవసరమైన స్కాను మానుకోకూడదు. కాని పాత స్కాను సీడీ ఊళ్ళో మరచి వచ్చామని అదే స్కాను మళ్ళీ తీయించుకోవడం అనవసరం; ఫోను చేసి దాన్ని తెప్పించుకోవచ్చు.